గ్రీకు నేర్పిన దైవజనుడు – ఫిలిప్ మెలాంక్తన్

మన ప్రభువు సిలువమీది పైవిలాసము హెబ్రీ, గ్రీకు, రోమా భాషలలో వ్రాయబడెనని యోహాను సువార్తలో చదువుచున్నాము. గ్రీకు క్రొత్త నిబంధన వ్రాయబడిన భాష. రోమా భాష, అనగా లాటిన్, వెయ్యి సంవత్సరములకు పైగా పశ్చిమ దేశముల సంఘములలో ఆరాధన భాషగా నుండెను. ఈ పాతభాషల చదువువలన భక్తికేమి ప్రయోజనమని అడుగువారు నేడును కలరు. వారికి జవాబుగా ఈ నెల మేము ఒక భక్తుని జీవితమును మీ ముందుంచుచున్నాము.

ఫిలిప్ 1497వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన జర్మనీలోని బ్రెటెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఆయుధములు చేయు పనివాడు. ఫిలిప్ 11 ఏండ్లవాడై యుండగా తండ్రి చనిపోయెను. బంధువును గొప్ప హెబ్రీ పండితుడును అయిన రాయ్‌ఖ్లిన్ ఆ పిల్లవాని తెలివిని కనిపెట్టి ప్రోత్సహించెను. నల్లమన్ను అని అర్థమిచ్చు వారి ఇంటిపేరును గ్రీకులోనికి మార్చి, మెలాంక్తన్ అని పిలిచినవాడు ఆయనయే.

12వ ఏట ఫిలిప్ హైడల్‌బర్గు విశ్వవిద్యాలయములో చేరెను. ఆ కాలమున పాఠములన్నియు లాటిన్‌లోనే జరుగుచుండెను. వేదాంతముగాని, న్యాయశాస్త్రముగాని, వైద్యముగాని చదువగోరువాడు మొదట వ్యాకరణము, తర్కము, అలంకారశాస్త్రము మొదలగువాటిని నేర్వవలెను. గ్రీకు చెప్పగలవారు మిక్కిలి అరుదు. 14 ఏండ్లకే ఆయన మొదటి పట్టము పొందెను. పై పట్టమునకు వయస్సు చాలదని అక్కడివారు నిరాకరింపగా, ట్యూబింగెన్‌కు వెళ్లి 1514లో దానిని సంపాదించెను. 1518లో ఆయన వ్రాసిన గ్రీకు వ్యాకరణము అచ్చయ్యెను.

ఆ యేడే ఆగస్టు నెలలో, 21 ఏండ్ల ప్రాయమున, విట్టెన్‌బర్గులో గ్రీకు ఆచార్యుడుగా చేరెను. బక్కపలుచని ఆ యువకుని చూచి మొదట పెదవి విరిచినవారు ఆయన తొలి ప్రసంగము విని ఆశ్చర్యపడిరి. యౌవనుల చదువు ఎట్లు బాగుపడవలెనో ఆయన వివరించెను. కాలువ చివర బురదనీరు త్రాగుట మాని ఊటయొద్దకే పోవలెననునట్లు, మూలభాషలలోనే గ్రంథములను చదువవలెనని ఆయన బోధ. హోమరు కావ్యమును, పౌలు తీతుకు వ్రాసిన పత్రికను ఆయన మొదట పాఠములుగా ఎన్నుకొనెను. అన్యుల కావ్యము భాషను నేర్పును. ఆ భాష అపొస్తలుని మాటకు తలుపు తెరచును. తనకంటె 13 ఏండ్లు చిన్నవాడైన ఆయనయొద్ద మార్టిన్ లూథరు గ్రీకు నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు.

1521వ సంవత్సరాంతమున లూథరు వార్ట్‌బుర్గు కోటలో దాగియుండి క్రొత్త నిబంధనను గ్రీకునుండి జర్మను భాషలోనికి మార్చుటకు పూనుకొనెను. అదే సమయమున విట్టెన్‌బర్గులో కలత పుట్టెను. ఆత్మ నడిపింపు ఉండగా చదువెందుకని కొందరు బోధింపగా, కొందరు విద్యార్థులు పుస్తకములు విడిచి ఇండ్లకు పోయిరి. మెలాంక్తన్ సైతము కలవరపడెను. అయితే 1522 మార్చిలో లూథరు తిరిగి వచ్చిన తరువాత, వారిద్దరును కూర్చుండి ఆ అనువాదమును మాటమాట సరిచూచిరి. ఆ సెప్టెంబరులో అది అచ్చుపడెను. లాటిన్ రాని స్త్రీలును పనివారును ఆ సువార్తను తమ సొంత భాషలో విన్నారు. చదువు అక్కరలేదన్న మాటకు అంతకంటె మంచి జవాబేమున్నది?

ఆయన దాదాపు 10 ఏండ్లు తన ఇంటనే బాలురకు పాఠశాల నడిపెను. లాటిన్‌లో మంచి పద్యము వ్రాసిన బాలునికి ఐవీ తీగెల కిరీటము పెట్టి రాజని పిలిచెడివారు. అనేక పట్టణములలో పాఠశాలలు స్థాపించుటకు తోడ్పడెను. జర్మనీ దేశపు గురువని జనులు ఆయనను పిలిచిరి. ఆయన అభిషేకము పొందిన పాదిరి కాడు. అయినను 1530 జూన్ 25న చక్రవర్తి యెదుట చదువబడిన ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణమును వ్రాసినది ఆయనయే. లోపములు లేనివాడును కాడు. 1546లో లూథరు చనిపోయిన పిమ్మట, సమాధానముకొరకు మితిమించి లొంగెనని స్వజనులే ఆయనను నిందించిరి. 1560 ఏప్రిల్ 19న కన్నుమూసెను. లూథరు సమాధియున్న దేవాలయమునందే ఆయనను పాతిపెట్టిరి.

చదువరులారా, హాలే విశ్వవిద్యాలయములో చదివిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ 1727 నాటికే క్రొత్త నిబంధనను తెలుగు చేసెను. అది అచ్చు కాలేదు. పిమ్మట అనేకులు శ్రమపడగా నేడు మన చేతిలో తెలుగు బైబిలున్నది. మన గుడిలో చాపమీద కూర్చున్న ముసలమ్మ అర్థము చేసికొనుచున్న ప్రతి వచనము వెనుక ఎవరో దీపము ముందు కూర్చుండి వల్లెవేసిన వ్యాకరణమున్నది.

కనుక మన సంఘములో ఒక బిడ్డ కూడు పెట్టదని లోకులు తలంచు చదువును కోరినయెడల, తొందరపడి కాదనకుందము. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలతోనే వారికి దేవుని ప్రకటించెను గదా. బుద్ధియు దేవుని వరమే. దానిని ఆయన సేవకు సానపట్టుకొనుట భక్తికి అడ్డు కాదు. అదియు భక్తియేయని మేము నమ్ముచున్నాము.