జాన్ కరోల్ మేత్రాణులు – జార్జిటౌన్ కళాశాల పునాది



మన ఊరి దేవాలయం ఎంత పాతదో, మన బడిలో చదివి ఎంతమంది పెద్దవారయ్యారో చెప్పుకోవడం మనకందరికీ ఇష్టం. అందులో తప్పు లేదు. అయితే ఆ గొప్ప ఎవరెవరి చెమటతో నిలబడిందో కూడా లెక్క చూసుకోవాలి. అమెరికా సంయుక్త రాష్ట్రాల తొలి పీఠాధిపతి జాన్ కరోల్ గారి జీవితం ఈ సంగతిని చక్కగా నేర్పుతుంది.

అమెరికా ఇంకా ఆంగ్లేయుల ఏలుబడిలో ఉన్న కాలం అది. దక్షిణ ప్రాంతపు పొగాకు వలసల్లో ఒకటి మేరీలాండ్. కథోలికుడైన బాల్టిమోర్ ప్రభువు ఆధ్వర్యంలో 1634లో అది ఏర్పడింది. కానీ కొన్ని దశాబ్దాలకే అధికారం చేతులు మారి, కథోలికులు తమ సొంత గడ్డ మీదే పరాయివారయ్యారు. బహిరంగంగా దివ్యపూజ జరపకూడదు. జరిపితే ఎవరి ఇంట్లోనో జరుపుకోవాలి. బడి పెట్టకూడదు, ఓటు వేయకూడదు, పదవులు చేపట్టకూడదు. పిల్లలను కథోలిక విద్య కోసం విదేశాలకు పంపడం కూడా నేరమే.

అటువంటి రోజుల్లో, 1735 జనవరి 8న, అప్పర్ మార్ల్‌బరో అనే ఊరిలో ఒక వర్తకుని ఇంట జాన్ కరోల్ జన్మించారు. బొహీమియా మేనర్ అనే చోట యేసుసభ గురువులు చాటుగా నడిపిన చిన్న బడిలో కొంతకాలం చదివాక, తల్లిదండ్రులు ఆయన్ని సముద్రం దాటించి ఫ్రాన్సులోని సెంటొమేర్ కళాశాలకు పంపారు. చదువు కోసం కన్నబిడ్డను ఏళ్ల తరబడి దూరం చేసుకున్న ఆ తల్లి బాధ మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. 1753లో ఆయన యేసుసభలో చేరారు. గురువై, లియేజ్ నగరంలో తత్త్వశాస్త్రం బోధించారు.

1773లో పెద్ద దెబ్బ తగిలింది. పోపు 14వ క్లెమెంట్ గారు యేసుసభను రద్దు చేశారు. తన ఇల్లు అనుకున్నది కూలిపోగా, మరుసటి ఏడు కరోల్ గారు మేరీలాండ్‌కు తిరిగి వచ్చారు. వృద్ధురాలైన తల్లి వద్ద ఉంటూ, గుర్రం మీద పల్లెలు తిరిగి దివ్యసంస్కారాలు ఇస్తూ వచ్చారు. అంతలో స్వాతంత్ర్య పోరాటం మొదలైంది. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఏకైక కథోలికుడు ఆయన బంధువు చార్లెస్ కరోల్. ఆయన అన్న డానియేల్ 1787లో రాజ్యాంగం మీద సంతకం చేశారు. కథోలికులు నమ్మదగిన పౌరులు కారన్న నింద అలా తొలగుతూ వచ్చింది.

1784లో రోము ఆయన్ని అక్కడి గురువులందరికీ పెద్దగా నియమించింది. మరుసటి ఏడు ఆయన రోముకు పంపిన నివేదిక ప్రకారం మేరీలాండ్‌లో కథోలికులు సుమారు 15,800 మంది, గురువులు 19 మంది. ఆ 15,800 మందిలో దాదాపు 3,000 మంది నల్లజాతి బానిసలు. ఈ అంకెను గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

విశ్వాసం నిలవాలంటే బడి కావాలి, స్థానిక గురువులు కావాలి. కరోల్ గారి పట్టుదల ఇదే. పొటోమాక్ నది ఒడ్డున 1751లో వెలసిన పొగాకు రేవు జార్జిటౌన్‌ను అందుకు ఎంచుకున్నారు. నదికి ఎగువన కొండ మీద 1788లో తొలి భవనం పని మొదలైంది. 1789 జనవరి 23న స్థలం దస్తావేజు చేతికి వచ్చింది. ఆ సంవత్సరాన్నే జార్జిటౌన్ తన పుట్టిన ఏడుగా లెక్కిస్తుంది. అమెరికాలో అన్నిటికన్నా పాత కథోలిక కళాశాల అదే. ఏ మతం పిల్లవాడైనా అక్కడ చేరవచ్చునని మొదటి నుంచీ నియమం పెట్టారు. తమకు మూసివేసిన తలుపును తాము మరొకరికి మూయలేదు.

అదే ఏడు గురువులు ఓట్లు వేసి కరోల్ గారినే పీఠాధిపతిగా ఎన్నుకున్నారు. పోపు 6వ పయస్ గారు అంగీకరించారు. 1790 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, ఇంగ్లండులో ఆయన అభిషిక్తులయ్యారు. ఇరవై అయిదేళ్లు శ్రీసభను నడిపించారు. 1806లో బాల్టిమోర్ పీఠ దేవాలయానికి పునాది వేశారు. 1808లో అగ్రపీఠాధిపతి అయ్యారు. 1815 డిసెంబరు 3న కన్నుమూశారు.

జార్జిటౌన్‌లో తొలి విద్యార్థి విలియం గాస్టన్ అనే పదమూడేళ్ల బాలుడు. ఉత్తర కరోలినా నుంచి వచ్చాడు. పెద్దయ్యాక ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి అయ్యాడు. 1832లో చాపెల్ హిల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ఎదుట బానిసత్వం దక్షిణాదికి చేటు అని ధైర్యంగా చెప్పాడు. కానీ ఆయన వద్దా బానిసలున్నారు.

ఇప్పుడు ఆ 3,000 మంది సంగతికి వద్దాం. యేసుసభ గురువులకు మేరీలాండ్‌లో పెద్ద పొగాకు తోటలుండేవి. వాటిలో పని చేసింది బానిసలే. కళాశాలకు ఆసరాగా నిలిచిన ఆదాయంలో వారి కష్టం ఉంది. కరోల్ గారికీ బానిస సేవకులుండేవారు. వారూ జ్ఞానస్నానం పొందినవారే, అదే దివ్యసత్ప్రసాదం లోకొన్నవారే.

కరోల్ గారు పోయిన 23 ఏళ్లకు, 1838లో, అప్పటికి పునరుద్ధరణ పొందిన యేసుసభ పెద్దలు అక్కడ 272 మందిని లూసియానా తోటల యజమానులకు 1,15,000 డాలర్లకు అమ్మారు. కుటుంబాలను విడదీయరాదు, వారి విశ్వాస జీవితానికి ఆటంకం రాకూడదు, ఆ డబ్బుతో అప్పులు తీర్చకూడదు అని రోము నుంచి షరతులు వచ్చాయి. అవి నిలబడలేదు. డబ్బులో కొంత జార్జిటౌన్ అప్పులకే పోయింది. మరుసటి ఏడే, 1839లో, పోపు 16వ గ్రెగొరీ గారు బానిస వ్యాపారాన్ని ఖండించారు.

2017 ఏప్రిల్ 18న జార్జిటౌన్ విశ్వవిద్యాలయం, యేసుసభ కలిసి, అమ్ముడుపోయినవారి వంశీకుల సమక్షంలో ప్రార్థన జరిపి క్షమాపణ కోరాయి. అమ్మకం జరిపిన పెద్ద పేరు ఉన్న భవనానికి ఆ జాబితాలో మొదటివాడైన ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. కరోల్ మేత్రాణుల విగ్రహం కళాశాల ముందు 1912లోనే నిలిచింది. తోటలో చెమటోడ్చిన ఐజాక్ పేరు గోడ మీదికి రావడానికి మరో 105 ఏళ్లు పట్టింది.

ఇందువల్ల కరోల్ గారిని తక్కువ చేయాలా? అక్కరలేదు. అణచివేతలో పుట్టి, పగ పెట్టుకోకుండా, అందరికీ చదువు తలుపు తెరవాలని చూసిన మనిషి ఆయన. కానీ తాను పడిన బాధను పూర్తిగా తెలిసిన ఆ పుణ్యాత్ముడు కూడా తన గుమ్మంలో ఉన్నవారి బాధను ముగించలేకపోయారు. మంచివారి కళ్లకు కూడా తమ కాలపు అలవాటు పొర కమ్ముతుంది. మన కళ్లకు మాత్రం కమ్మదా?

మన విజయవాడలో 1953లో ఆంధ్ర లొయోలా కళాశాలను స్థాపించినది కూడా ఆ యేసుసభే. అలాంటి సంస్థలు మనకు గర్వకారణం. మన విచారణల్లో స్వర్ణోత్సవాలు, శతజయంతులు జరుగుతుంటాయి. శిలాఫలకం మీద మేత్రాణుల పేరు, విచారణ గురువుల పేరు, దాతల పేర్లు చెక్కిస్తాం. గంపలతో మట్టి మోసిన తల్లుల పేర్లు, కూలి మానుకుని రాళ్లెత్తిన కుటుంబాల పేర్లు, పిడికెడు బియ్యం తీసిపెట్టిన ఇళ్ల పేర్లు ఎక్కడ ఉన్నాయి? యెరూషలేము గోడ తిరిగి కట్టినప్పుడు ఏ భాగం ఎవరు కట్టారో నెహెమ్యా గ్రంథం పేరుపేరునా రాసి ఉంచింది. అందులో కంసాలులున్నారు, అత్తరు చేసేవారున్నారు, ఒక తండ్రితో కలిసి పని చేసిన కుమార్తెలున్నారు.

మీ విచారణలో ఎనభై దాటిన పెద్దలు ఇంకా ఉన్నారు కదా! ఈ ఆదివారం పూజ అయ్యాక వారి పక్కన కూర్చోండి. మన గుడి ఎవరు కట్టారు అని అడగండి. చెప్పిన ప్రతి పేరూ రాసి పెట్టండి.