పాత కథలో జాషువా అడిగిన చోటు

ఒకప్పుడు తెలుగు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారంటే ఊరంతా తెల్లవార్లూ మేలుకొనేది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన ఆ నాటకంలో కాటి సీను రాగానే, అంతవరకు కునికిపాట్లు పడినవారు సైతం లేచి కూర్చునేవారు. కాటికాపరి వేషంలోని హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూపుతూ పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్‌లు మోగేవి. ఆ ఘట్టంలో జనం నాలుకపై నిలిచిన పద్యాలు కొన్ని బలిజేపల్లివారివి కావు. గుర్రం జాషువా విడిగా రాసుకున్న శ్మశానవాటి ఖండికలోనివి. నటులే వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. కవి కులమేదని అక్కడ ఎవరూ అడగలేదు. కథ అంగీకరించింది గనుక పద్యం లోపలికి వెళ్లింది. ఆ కవికి మాత్రం జీవితంలో అంత సులువుగా ఏ తలుపూ తెరుచుకోలేదు.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. కుటుంబం క్రైస్తవం స్వీకరించింది. మతం మారినా ఊరి చూపు మారలేదు. బడిలోనూ వీధిలోనూ కులం ఆ బాలుడిని వెంటాడింది. అయినా పద్యంపై మక్కువ వీడలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. అంటరానితనం రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పండితుడు ఒక దళిత యువకుడికి కాళిదాసును చెప్పడం చిన్న విషయం కాదు.

ఆ విద్యకు ఆయన రెండువైపులా మూల్యం చెల్లించారు. హిందూ పురాణాలు, కావ్యాలు పట్టుకు తిరుగుతున్నాడని క్రైస్తవ మతాధికారులు వెలివేశారు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాడిని సభలోకి ఎలా రానిచ్చారని పెద్దమనుషులు కొందరు అవమానించారు. ఆ కథలు నీవి కావని ఒకరు, ఆ కథలు నీకు తగవని మరొకరు అన్నారు. మాట వేరైనా తీర్పు ఒక్కటే. జాషువా ఆ తీర్పును జీవితాంతం అంగీకరించలేదు.

మిషన్ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతంపై చేస్తున్న ఉద్యోగం పోయాక ఆయన రాజమండ్రి చేరారు. 1915-16 ప్రాంతంలో అక్కడ మూకీ సినిమాలకు వాచకునిగా పనిచేశారు. తెరపై మాటలేని బొమ్మలు కదులుతుంటే వాటి కథను, సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపించడం ఆ పని. చీకట్లో కూర్చున్న జనం కథకుడి గొంతుకు ఎలా లోబడతారో ఆయన అక్కడ దగ్గరగా చూసి ఉంటారు. అనంతరం గుంటూరులో ఉపాధ్యాయునిగా, తెలుగు పండితునిగా ఏళ్ల తరబడి జీవించారు.

1932లో వెలువడిన 'ఫిరదౌసి' పారశీక గాథ. మాటకు ఒక బంగారు నాణెం చొప్పున ఇస్తానన్న గజనీ మహమ్మదు, కావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపడం ఆ గాథకు కేంద్రం. పర్షియా నుంచి ప్రయాణించి వచ్చిన ఆ కథలో, శ్రమ చేయించుకుని కూలి ఎగవేసే దొరను తెలుగు పాఠకుడు ఇట్టే గుర్తుపట్టాడు. పాత కథ బతికేది ఇందుకే. దానిలో రాజు పేరు ఏదైనా, మోసపోయినవాడికి అది తన కథే.

1941లో 'గబ్బిలం' వచ్చింది. తాను చదువుకున్న మేఘసందేశాన్నే జాషువా తిరగరాశారు. కాళిదాసు యక్షుడిది ప్రియావిరహం. జాషువా నాయకుడిది ఆకలి, అవమానం. యక్షుడికి దూత మేఘం. ఇతడికి దూత గబ్బిలం. ఎందుకంటే గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. గర్భగుడి చూరుకు వేలాడి, పూజారి లేని సమయం చూసి, శివుడి చెవిన తన మాట వేయమని ఆ అభాగ్యుడు వేడుకుంటాడు. లోకం అపశకునమని అదలించే ప్రాణికి ఉన్న పాటి హక్కు తోటి మనిషికి లేదన్న నిజాన్ని ఇంతకన్న సూటిగా చెప్పడం కష్టం.

ఆ నాయకుడిని కవి అరుంధతీసుతుడన్నారు. మాదిగలు అరుంధతిని తమ ఆడపడుచుగా చెప్పుకుంటారు. వసిష్ఠుని ఇల్లాలైన ఆ అరుంధతి నక్షత్రాన్నే పురోహితుడు పెళ్లిలో వధూవరులకు చూపిస్తాడు. ఆకాశంలో ఆమెకు నమస్కరించి, నేలమీద ఆమె బిడ్డలను ఊరవతల నిలబెట్టిన సమాజం మనది. జాషువా కొత్త పురాణం కల్పించలేదు. పాత పురాణం ఒప్పుకున్న చుట్టరికాన్నే గుర్తుచేసి వాటా అడిగారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. శివుడికి ఫిర్యాదు చేయడమంటే ఆ దేవుడి అధికారాన్ని, ఆ గుడిని ఒప్పుకోవడమే కదా? శంబూకుడి తల నరికించిన, ఏకలవ్యుడి వేలు కోయించిన కథలను మోయడం కన్న వదిలేయడం మేలు కదా? ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే మనం వదిలేసినంత మాత్రాన ఆ కథలు ఆగవు. అమ్మమ్మల నోట, రంగస్థలంపై, తెరపై తిరుగుతూనే ఉంటాయి. మనం తప్పుకుంటే వాటిని చెప్పే హక్కు పాత యజమానుల చేతిలోనే మిగులుతుంది. జాషువా ఆ హక్కును వారికి వదలలేదు.

తర్వాతి కాలంలో గౌరవాలు వచ్చాయి. ఒకనాడు సభల్లో చోటు లేని ఆయన కాలికి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా గండపెండేరం తొడిగారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.

నేడు పురాణాలు ఎవరి సొత్తు అన్న వివాదం మళ్లీ రగులుతున్నది. కథను కంచె వేసి కాపాడాలనేవారు హరిశ్చంద్రుని కాటి సీనును ఒకసారి తలచుకోవాలి. కాటికాపరికి అమ్ముడుపోయాకే ఆ రాజు గొప్పవాడయ్యాడు. ఊరు వెలివేసిన కవి పద్యం చేరాకే ఆ సీను అంత పండింది. గబ్బిలం మోసుకెళ్లిన విన్నపానికి మాత్రం గుడి లోపలి నుంచి రావలసిన సమాధానం ఇంకా పూర్తిగా రాలేదు.