మురికివాడలో కాపురం పెట్టిన కగావా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు, మాస్టార్ల కబుర్లు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను గణపవరానికి ఎన్నడూ రాని ఒక మనిషి జీవితం గురించి రాస్తున్నాను. ఆయన పేరు టొయొహికో కగావా. ఉద్యోగరీత్యా జపాన్‌లోని కోబే నగరంలో కొన్ని నెలలు ఉన్నప్పుడు ఈ పేరు మొదటిసారి విన్నాను. ఒకప్పుడు ఆ దేశంలో ఈయన పేరు తెలియని ఇల్లు లేదు. కోబేలో ఆయన పేరున ఒక క్రైస్తవ సేవా కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. అందులో పసిపిల్లల బడి, ప్రార్థన మందిరం, ఇరుగుపొరుగు వారు వచ్చి కూర్చునే చోటు ఉన్నాయి. మిషన్ అంటే మన గోదావరి జిల్లాల్లో బడీ ఆస్పత్రీ గుర్తొస్తాయి. కగావా మొదలుపెట్టినప్పుడు మాత్రం ఆయన దగ్గర ఆ రెండూ లేవు, ఉన్నది ఒక అద్దె గది.

ఆయన 1888 జూలై 10న కోబేలో పుట్టాడు. తండ్రి కలిగిన కుటుంబంవాడు, కొంతకాలం ప్రభుత్వంలో పనిచేసి తర్వాత వ్యాపారం చేశాడు. తల్లి ఆయన పెళ్లాడిన భార్య కాదు, గీషాగా బతికిన స్త్రీ. ఐదేళ్లు నిండకముందే పిల్లవాడికి తండ్రీ తల్లీ ఇద్దరూ పోయారు. అతన్ని తొకుషిమాలో ఉన్న తండ్రి ఇంటికి పంపారు. ఆ ఇంట్లో తండ్రి అసలు భార్య, నాయనమ్మ ఉన్నారు. తిండికి లోటు లేకపోయినా ఆదరణ లేని ఇల్లది. తర్వాత అన్నగారు ఆస్తి తగలేశాడు. ఒక మేనమామలాంటి బంధువు చదువు బాధ్యత తీసుకున్నాడు.

తొకుషిమాలో ఇంగ్లీషు నేర్చుకోవడానికి లోగన్, మైయర్స్ అనే ఇద్దరు అమెరికన్ మిషనరీల దగ్గరికి వెళ్లేవాడు. 1904లో బాప్తిస్మం తీసుకున్నాడు. పాస్టరు చదువు చదువుతానని చెప్పేసరికి ఆ బంధువు సాయం ఆపేశాడు. మిషనరీల సాయంతో టోక్యోలో, ఆ తర్వాత కోబేలో వేదాంత విద్య చదివాడు. అప్పటికే క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. తనకు ఎక్కువ రోజులు లేవని ఆయనా నమ్మాడు, వైద్యులూ నమ్మారు. ఉన్న కొద్ది రోజులూ పేదల మధ్య గడుపుదామనుకున్నాడు.

1909 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందు రోజు, సామాను బండి మీద వేసుకుని కోబేలోని షింకావా అనే మురికివాడకు వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు 21. అద్దెకు దొరికిన గదిలో అంతకుముందు ఒక హత్య జరిగిందట. దయ్యం భయంతో ఎవరూ చేరక అద్దె తక్కువకు వచ్చింది. అక్కడి గదులు చాలావరకు ఆరడుగుల చదరం. రెండు నులక మంచాలు వేస్తే ఇక కాలు పెట్టే చోటుండదు. అలాంటి గదుల్లో కుటుంబాలకు కుటుంబాలే బతికేవి. నీటి కుళాయి, మరుగుదొడ్డి ఎన్నో ఇళ్లకు కలిపి ఒకటే. ఓడరేవు కూలీలు, చెత్త ఏరుకునేవాళ్లు, జూదగాళ్లు, పడుపు వృత్తిలోకి నెట్టబడ్డ ఆడపిల్లలు, ముసలివాళ్లు, రోగులు అందరూ అక్కడే ఉండేవారు.

ఆయన్ను అన్నిటికంటే కలవరపెట్టినది పసిపిల్లల చావు. పెంచుకుంటామని చెప్పి అక్రమంగా పుట్టిన పసికందును కొంత డబ్బుతో పాటు తీసుకునేవారు. డబ్బు ఖర్చయ్యాక ఆ బిడ్డకు పలచని గంజి పోస్తూ చావనిచ్చేవారు. అలాంటి ఒక బిడ్డను, ఓఇషి అనే పిల్లను, ఆయన తన గదికి తెచ్చుకుని తానే పాలు పట్టాడు. గజ్జి ఉన్న మనిషి చోటడిగితే తన పక్క మీదే పడుకోబెట్టుకున్నాడు. తాగినవాడు కొట్టిన దెబ్బకు ముందు పళ్లు పోయాయి. అక్కడే కళ్లకు ట్రకోమా అంటుకుంది. దానితో జీవితాంతం చూపు దెబ్బతిని, కొన్ని కాలాల్లో పూర్తిగా చదవలేని స్థితికి వచ్చాడు. ఆశ్చర్యం ఏమిటంటే, త్వరలో చనిపోతాడనుకున్న మనిషి ఆ తర్వాత యాభై ఏళ్లు బతికాడు.

మొదటి నాలుగైదేళ్లు ఆయన చేసింది మనమందరం దానధర్మం అనే పనే. ఉన్నదంతా పంచాడు. రోగులకు సేవ చేశాడు. దిక్కులేని శవాలకు దహనం జరిపించాడు. తక్కువ ధరకు అన్నం పెట్టే హోటలు తెరిచాడు. తిన్నవాళ్లు డబ్బివ్వక అది కొద్ది నెలలకే మూతపడింది. ఈ మధ్యలో, 1913లో, పుస్తకాలు కుట్టే కర్మాగారంలో పనిచేసే షిబా హారు అనే యువతిని పెళ్లాడాడు. ఆమె కూడా ఆ వాడలోకే కాపురానికి వచ్చింది. ఆమె కళ్లకూ ట్రకోమా సోకింది, ఒక కంటి చూపు పోయింది. కగావా గురించి చెప్పేటప్పుడు ఆమెను సాధారణంగా ఒక వాక్యంలో దాటేస్తారు. ఆయన ఊళ్లు తిరుగుతూ ఉపన్యాసాలిచ్చిన ఏళ్లలో వాకిట్లోకి వచ్చినవాళ్లను చూసుకున్నది ఆమె.

1914లో ఆయన అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు చదువుకు వెళ్లాడు. హారు యొకొహామాలో చదువుకుంది. న్యూయార్క్‌లో ఒకరోజు బట్టలు కుట్టే కార్మికుల భారీ ఊరేగింపు చూశాడు. వాళ్లు ఎవరి దయా అడగడం లేదు, తమ కూలి తాము అడుగుతున్నారు. 1917లో షింకావాకు తిరిగి వచ్చేసరికి ఆయన ఆలోచన మారింది. ఒక మనిషిని వాడలోంచి బయటికి లాగే లోపల పల్లెల నుంచి పదిమంది వచ్చి పడుతున్నారు. కౌలు కట్టలేని రైతు, పని పోయిన కూలీ, జబ్బుచేసిన కుటుంబం, వీళ్లే మురికివాడలో తేలుతున్నారు. అంటే ఖాళీ చేస్తున్న చెరువులోకి నీరు వచ్చే తూము తెరిచే ఉంది. కాలువ కింద ఊరివాళ్లం కనుక ఆ తూము సంగతి మనకు వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడి నుంచి ఆయన జీవితమంతా ఆ తూముల వెంట నడిచింది. 1920లో తన మురికివాడ అనుభవాల మీద రాసిన నవల లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ డబ్బు వాడలోని పనులకు, కార్మిక సంఘాలకు పోయింది. 1921 వేసవిలో కోబేలో కవాసాకి, మిత్సుబిషి ఓడల కర్మాగారాల కార్మికులు సమ్మె కట్టారు. సుమారు 30 వేల మంది వీధుల్లోకి వచ్చారు. కగావా ముందు నిలబడి, చెయ్యెత్తవద్దని వాళ్లకు చెబుతూ వచ్చాడు. పోలీసులు ఆయన్ను జైల్లో పెట్టారు. సమ్మె ఓడిపోయింది. చెయ్యెత్తకపోవడం వల్లే ఓడిపోయామని చాలామంది కార్మికులు ఆయనకు దూరమయ్యారు. మరుసటి ఏడాది ఆయన కౌలు రైతుల సంఘం పెట్టడానికి పల్లెలకు వెళ్లాడు.

అదే 1921లో కోబేలో వినియోగదారుల సహకార సంఘం మొదలైంది. దాని సూత్రం కొత్తది కాదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాళ్లు పెట్టుకున్నదే. ప్రతి సభ్యుడూ వాటా కొనాలి. ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. మిగులు వస్తే, ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన వారికే తిరిగి వెళ్లాలి. ఆ సంఘం ఇప్పుడు కో-ఆప్ కోబే. సభ్యులు 10 లక్షలకు పైనే. 1995 జనవరి 17 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో 6 వేలకు పైగా జనం చనిపోయారు, ఈ సంఘం ప్రధాన కార్యాలయం కూడా కూలిపోయింది. అయినా మిగిలిన దుకాణాలను సిబ్బంది వెంటనే తెరిచి జనానికి సరుకు అందించారు. ఇంజనీరుగా భవనాలు ఎందుకు పడిపోయాయో చదివాను. కూలిన కార్యాలయం లేకుండా దుకాణాలు ఎందుకు పడిపోలేదో అర్థం కావడానికి కగావా జీవితం చదవవలసి వచ్చింది.

కొల్లేటి చుట్టుపక్కల పుట్టినవాళ్లం కనుక ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1970ల్లో మన ప్రభుత్వమూ కొల్లేరులో మత్స్యకారులతో, పేదలతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. చెరువు తవ్వడానికి, మేతకు పెట్టుబడి కావాలి. అది సభ్యుల దగ్గర లేదు. చాలాచోట్ల సంఘం పేరు మిగిలింది, చెరువు డబ్బున్నవాళ్ల లీజులోకి వెళ్లింది. సభ్యుడు తన చెరువు గట్టు మీదే కూలీ అయ్యాడు. 2006లో కొల్లేరు ఆపరేషన్‌లో గట్లు కొట్టినప్పుడు ఆ కూలి కూడా పోయింది. మన వాళ్లకు సహకార సంఘం పైనుంచి వచ్చిన కాగితం. కోబే వాళ్లకు అది వీధిలో కూర్చుని, నెలనెలా లెక్క చూసుకుని నేర్చుకున్న పని. తేడా చట్టంలో లేదు.

1923 సెప్టెంబర్ 1న టోక్యో ప్రాంతంలో మహా భూకంపం వచ్చి లక్ష మందికి పైగా పోయారు. కబురు తెలియగానే కగావా ఓడెక్కి వెళ్లాడు. అన్నిటికంటే ఎక్కువగా కాలిపోయిన హొంజో ప్రాంతంలో గుడారాలు వేసి, షింకావాలో చేసిన పనే మళ్లీ మొదలుపెట్టాడు. మురికివాడల ఇళ్ల మీద ప్రభుత్వం కూడా చివరికి కదిలింది. 1927లో చట్టం వచ్చింది. పెద్ద నగరాల్లో పాత వాడలు తీసి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం మొదలైంది. ఇరవై ఏళ్లుగా ఆయన రాస్తూ, చెబుతూ వచ్చినదానికి అందులో భాగముంది.

1935 చివర అమెరికా వెళితే, కంటి జబ్బు చూసి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపేశారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్థాయిలో జోక్యం చేసుకుంటే తప్ప లోపలికి రానివ్వలేదు. 1938 డిసెంబరులో మద్రాసు పక్కన తాంబరంలో జరిగిన ప్రపంచ క్రైస్తవ మిషన్ల మహాసభకు వచ్చాడు. తర్వాత 1939 జనవరిలో బార్డోలీలో గాంధీగారిని కలిశాడు. అప్పటికి జపాన్ చైనా మీద యుద్ధం చేస్తోంది. యుద్ధం తప్పని నమ్మితే ప్రాణం పోయినా ఆ మాట బయటికి చెప్పమని గాంధీగారు ఆయనకు సలహా ఇచ్చారు. 1940లో సైనిక పోలీసులు కగావాను అరెస్టు చేశారు. తన దేశం చేసినదానికి చైనా ప్రజలకు క్షమాపణ చెప్పాడన్నది ఒక కారణం. అయితే యుద్ధం ముదిరాక అమెరికాను విమర్శిస్తూ ఆయన రేడియోలో మాట్లాడాడు. గాంధీగారు చెప్పినంత దూరం ఆయన వెళ్లలేకపోయాడు.

ఇంకో తప్పు అంతకంటే పెద్దది. 1915లో పేదల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో, జపాన్‌లో అంటరానివారిగా చూసిన బురాకు కులస్థులు పుట్టుకతోనే వేరు జాతివారన్నట్టు రాశాడు. వాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల రోగాలు పంచుకుంటూ ఆ మాటలు రాశాడు. తర్వాత దశాబ్దాల్లో ఆ సమాజంవాళ్లు ఆ రాతలను గట్టిగా నిలదీశారు, అది న్యాయం. పేట ఊరికి అవతల ఎందుకుంటుందో తెలిసిన మనకు ఈ తప్పు బరువు తెలుసు. పక్కన ఉండి సేవ చేసినంత మాత్రాన మనసులోని కులం పోదు.

యుద్ధం తర్వాత సహకార ఉద్యమంతోనే మిగిలిన జీవితం గడిపాడు. నోబెల్ బహుమతికి ఆయన పేరు సాహిత్యానికీ శాంతికీ కూడా ప్రతిపాదించారు, రాలేదు. 1960 ఏప్రిల్ 23న టోక్యోలో చనిపోయాడు. మూడేళ్లకు షింకావా ప్రాంతంలో ఆయన పేరున సేవా కేంద్రం కట్టారు.

ఈ కథ మన సంచికలో ఎందుకంటే, స్వర్ణోత్సవం నాడు మనం ఏం ఇవ్వాలో మాట్లాడుకుంటున్నాం. ప్రహరీ గోడ, తరగతి గదులకు రంగులు, వేదిక, కంప్యూటర్లు, ఇవన్నీ కావలసినవే, నా వంతూ ఇస్తాను. ఇవి ఇచ్చి వెళ్లిపోయేవాళ్లు చేయగల పనులు. వాటి పక్కన ఇంకోటి అడుగుతున్నాను. పేటల్లోనూ, చెరువుల మీద పనికి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న కుటుంబాల్లోనూ మన బడి పిల్లలున్నారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు వాళ్లకు లైటు, బల్ల, అడిగితే చెప్పే పెద్దమనిషి ఉన్న గది ఒకటి బడి దగ్గర్లో కావాలి. మతంతో పని లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా అందులో సభ్యులై, నెలకు ఎంతో కొంత కట్టి, లెక్క చూడాలి. వాళ్లకూ మనకూ ఓటు ఒకటే ఉండాలి.

అద్దె, కరెంటు, పుస్తకాలు దూరంగా ఉన్న నాలాంటివాళ్లం చూసుకోగలం. రోజూ వెళ్లి ఆ గది తాళం తీసేవాళ్లు మాత్రం ఊళ్లో ఉన్నవాళ్లే కావాలి. రిటైరైన మాస్టారు ఒకరు, ఊళ్లోనే ఉంటున్న పూర్వ విద్యార్థులు నలుగురు వంతులేసుకున్నా చాలు. పేర్లు ఇవ్వదలచినవారు స్వర్ణోత్సవం రోజునే కార్యదర్శిగారికి ఇస్తే, ఈ జూన్‌లో బడి తెరిచేనాటికి మొదలుపెట్టవచ్చు.