యేల్ దొర, 9 మూటల సరుకు

అమెరికాలో యేల్ యూనివర్సిటీ పేరు మన పిల్లలకి బాగా తెలుసు. ఆ పేరు మన చెన్నపట్నంలో గుడ్డల కంపెనీకి పనిచేసిన ఎలిహు యేల్‌ది. మగ్గం పట్టినవాళ్ళం ఈయన సంగతి తెలుసుకోవాలి.

1649లో బోస్టన్‌లో పుట్టాడు. పసితనంలోనే ఇంగ్లండు తీసుకుపోయారు. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా సెయింట్ జార్జి కోటకి వచ్చాడు. జీతం ఏడాదికి 10 పౌండ్లు. ఆ జీతంతో ఎవరూ షావుకారు కాలేరు కదండీ. కంపెనీ నౌకర్లు సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళు, ఈయన వజ్రాల్లో బాగా గడించాడు.

అసలు 1639లో ఫ్రాన్సిస్ డే ఆ చోటు ఎంచుకున్నదే నేత గుడ్డ చవగ్గా దొరుకుతుందని. కంపెనీ షావుకార్లకి డబ్బు ఇచ్చేది, వాళ్ళు నేతగాళ్ళకి బయానా ఇచ్చేవాళ్ళు. యేల్ వచ్చిన కొత్తలో కాశీ వీరన్న అనే ఆయన అందరికంటే పెద్ద షావుకారు. బయానా పట్టిన నేతగాడు తాను తెగాక ఇంకొకరికి అమ్ముకోలేడు. కొలత తగ్గినా, నేత పల్చబడినా ధర కోత. మాస్టర్ వీవర్ దగ్గర బాకీపడ్డ మనవాళ్ళకి ఇది కొత్త కథేం కాదు.

1687లో గవర్నరయ్యాడు. మరుసటేడు పట్నానికి కార్పొరేషన్ వచ్చింది. 1690లో కడలూరు దగ్గర దేవనాంపట్నం కోటని మరాఠాల దగ్గర కొన్నారు. ఫిరంగి గుండు పడినంత దూరం ఊళ్ళన్నీ కంపెనీవని బేరం! ఆ ఊళ్ళ జనాన్ని అడిగేదెవరు? అప్పట్లో కోట నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు, ఆయన కూర్చున్న మండలే ఆ ఉత్తర్వులిచ్చింది. దాత అని పొగిడేవాళ్ళు ఈ మాట మింగేస్తారు.

సొంత లాభం చూసుకున్నాడని 1692లో కంపెనీ పదవి పీకేసింది. అయినా ఏడేళ్ళు ఇక్కడే ఉండి, 1699లో ఆస్తితో లండన్ చేరాడు.

1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీ కట్టడానికి డబ్బు చాలక ఈయన సాయం అడిగింది. 417 పుస్తకాలు, జార్జి రాజు పటం, 9 మూటల సరుకు పంపాడు. మూటల్లో మస్లిన్, కాలికో తానులు ఉన్నాయి. సరుకు అమ్మితే సుమారు 562 పౌండ్లు వచ్చాయి. కాలేజీకి ఆయన పేరు పెట్టారు.

1721లో పోయాడు, వేల్స్‌లోని రెక్సామ్‌లో పూడ్చారు. పసివాడిగా పోయిన కొడుకు డేవిడ్ సమాధి మాత్రం చెన్నపట్నంలోనే, హైకోర్టు పక్కన పాత లా కాలేజీ ఆవరణలో ఉంది.