డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

గోదావరి డెల్టాలోని భీమవరము నేడు రొయ్యల చెరువులకు పేరొందిన పట్టణము. 1895 జనవరి 12వ తేదీన అచ్చటనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. చదువు వారికి మొదట సులభముగా అబ్బలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షయందు రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయమున కృతార్థులైరి. పరీక్ష తప్పిన బిడ్డలను చూచి నిరాశ చెందు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

పిదప వారు మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపును మన్నించి, శస్త్రచికిత్స వేళ ఖద్దరు అంగీ ధరించిరి. అది ఆంగ్లేయుడగు ఆచార్యునికి రుచింపలేదు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే వారికి దక్కెను. యౌవనముననే వారి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణీ వ్యాధికి కొద్ది దినముల వ్యవధిలో బలియైరి. వైద్యము చదివిన తాను వారిని కాపాడలేకపోయితినను బాధ వారి హృదయమున నాటుకొనెను. మందులేని వ్యాధులకు మందు కనుగొనవలెనను పట్టుదల దానినుండియే పుట్టెను.

మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము శరీరశాస్త్రము బోధించి, గర్భవతియగు భార్యను విడిచి, వారు అమెరికాకు ప్రయాణమైరి. మరల మాతృభూమిని చూచు భాగ్యము వారికి కలుగలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు పనికి సైతము వెనుదీయలేదు. 1925లో ఫిస్కే పండితునితో కలిసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములు పనిచేయుటకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను ఆ యిరువురు వెలుగులోనికి తెచ్చిరి. అయినను హార్వర్డు వారికి స్థిరమైన స్థానము నొసగలేదు.

1940లో వారు లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అచ్చటి పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన ఘనత వారి బృందమునకు చెందినది. తమ సోదరులను మ్రింగిన స్ప్రూ వ్యాధికి అదియే ఔషధమైనది. నేటికిని బోదకాలు నివారణకై ఊరూర పంచిపెట్టు డి.ఇ.సి. మాత్రలును ఆ బృందపు కృషిఫలమే.

ఆ ప్రయోగశాలలోనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి బంగారువన్నె సూక్ష్మజీవి నొకదానిని వేరుచేసెను. దానినుండి లభించిన ఆరియోమైసిన్ పెన్సిలిన్‌కు లొంగని పెక్కు క్రిములను సైతము అణచివేసెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదియే మొదటిది. 1948లో ఈ మందు లోకమునకు ప్రకటింపబడెను. ఆ సంవత్సరము ఆగస్టు మాసముననే సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రయందే కన్నుమూసిరి. వారి వయస్సు 53 సంవత్సరములు మాత్రమే.

వారి కథ ఇంతటితో ముగిసినను, వారు నడిపిన ప్రయోగశాలనుండి వెలువడిన మందు కథ ముగియలేదు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన మడ్డిని మేతలో కలిపిన కోడిపిల్లలు త్వరగా పెరుగుచున్నవని అదే కంపెనీ శాస్త్రజ్ఞులగు జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ కనుగొని 1950లో ప్రకటించిరి. అంతట రోగమున్నను లేకున్నను పశువులకును కోళ్లకును ఇట్టి మందులు మేపుట వాడుకయైనది. రోగిని బ్రతికింపవలసిన మందు కోడి బరువును పెంచు దినుసుగా మారెను.

దీని కీడును రైతులు సులభముగా గ్రహింపగలరు. ఒకే పురుగుమందును మాటిమాటికి చల్లినచో బలహీనమైన పురుగులు చచ్చును. తట్టుకొన్న కొలదిపాటివి మిగిలి, వాని సంతతియే చేనంతయు నిండును. క్రిముల విషయమును అట్టిదే. పైగా ఒక క్రిమి తన తట్టుకొను శక్తిని వేరొక జాతి క్రిమికి సైతము అందింపగలదు. టెట్రాసైక్లిన్ జాతి మందు మేసిన కోళ్లలోనే గాక, వానిని పెంచిన కుటుంబీకుల శరీరములలోను మందుకు లొంగని క్రిములు పెరిగినవని 1976లో అమెరికా దేశపు పరిశోధకులు చూపిరి. ఐరోపా సమాఖ్య 2006నుండి పెరుగుదలకై ఇట్టి మందులు మేపుటను నిషేధించెను. పశువులకును కోళ్లకును కొలిస్టిన్ వాడుటను మన దేశము 2019లో నిషేధించెను. మందుకు లొంగని క్రిములవలన 2019వ సంవత్సరమున ఒక్కదాననే ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా.

కావున మనము చేయవలసినదేమి? జలుబునకును, సామాన్యపు పడిసెమునకును కారణము వైరస్ క్రిములు. వానిపై ఈ మందులు పనిచేయవు. కావున అడిగి పుచ్చుకొనరాదు. అట్టపై నిలువు ఎర్రగీత గల మందును వైద్యుని చీటీ లేకుండ కొనరాదు. చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు వాడవలెను. మిగిలినవి దాచి పొరుగువారికి ఈయరాదు. చేతుల శుభ్రత, మంచినీరు, టీకాలు రోగమును ముందే ఆపును. రోగము రానిచో మందుతో పనియే లేదు. రొయ్యల చెరువులలో నిషిద్ధమైన మందులు కలిపినచో, వాని శేషములను పరీక్షించి విదేశములవారు సరకును త్రిప్పిపంపుచున్నారు. నష్టము ధనమునకే కాదు, ఆ నీటిని వాడు పల్లెకును కలుగును.

ఇద్దరు సోదరులను కాపాడుకొనలేకపోయిన ఒక తెలుగు యువకుడు జీవితమంతయు మందుల అన్వేషణకే ధారపోసెను. ఆ వేదన మరల మన యిండ్లకు రాకుండునట్లు, ఉన్న మందులను పొదుపుగా కాపాడుకొనుటయే వారికి మనము చేయదగిన నిజమైన స్మరణ. ఈ రజతోత్సవ వేళ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పాఠకుడును ఈ సంగతిని చదువురాని ఒక్క పొరుగువానికైనను చదివి వినిపించుగాక.