తన పద్దు తానే తనిఖీ చేసుకున్న పంతులుగారు

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏడాదికొకసారి పై అధికారి మన గురించి ఒక రహస్య నివేదిక రాసేవారు. అందులో ఏముందోనని మనం గుండెలు అరచేత పట్టుకుని తిరిగేవాళ్ళం. పదవీ విరమణతో ఆ నివేదికలు ఆగిపోయాయి. ఇప్పుడు ఏడాదికొకసారి మనం బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తే చాలు, ఎలా బ్రతుకుతున్నామో అడిగేవారు లేరు. ఆ ప్రశ్న ఎవరికి వారే వేసుకోవాలి. అలా జీవితాంతం వేసుకుని, వచ్చిన జవాబును బట్టి తమను తాము దిద్దుకున్న తెలుగువారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ముందువరుసలో ఉంటారు. సంఘసంస్కర్తగా వారిని అందరూ ఎరుగుదురు. లోకాన్ని సంస్కరించబూనిన ఆ మనిషి మొదట తన్ను తాను ఎలా సంస్కరించుకున్నారో ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాను.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి పున్నమ్మగారు, తండ్రి సుబ్బరాయుడుగారు. నాలుగేళ్ళ ప్రాయంలోనే తండ్రి పోగా పెదతండ్రి వెంకటరత్నంగారు పెంచి పెద్ద చేశారు. ఇల్లు పూర్వాచారాలు గట్టిగా పాటించే ఇల్లు. దయ్యాలు, మంత్రతంత్రాలు ఉన్నాయని లోకమంతా నమ్మే రోజులు. 1861లో, అంటే 13వ ఏట, ఆనాటి ఆచారం ప్రకారం వారికి బాల్యవివాహమే జరిగింది. తర్వాత ఏ దురాచారాలతో పోరాడారో వాటి మధ్యనే పెరిగారన్నమాట. చదువుకునే రోజుల్లో కేశవచంద్రసేన్ రచనలు చేతికి వచ్చాయి. అప్పటినుంచి తాను నమ్ముతున్నవి నిజమా కాదా అన్న విచారణ మొదలైంది. దయ్యాలు లేవని నోటితో అని ఊరుకోకుండా, అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళి చూపించారంటారు. నమ్మకాన్ని ముందు తన మీదే పరీక్షించి చూసుకోవడం వారికి ఆనాటినుంచీ అలవాటు.

పెదతండ్రి పోయాక కుటుంబభారం మీద పడింది. సర్కారు కొలువులో చేరాలంటే లంచం ఇవ్వవలసి వచ్చే కాలం అది. వారు ఇవ్వలేదు, చేరలేదు. వకీలు పరీక్షకు వెళ్దామనుకున్నారు గాని, ఆ వృత్తిలో అబద్ధం ఆడక తప్పదని తోచి అదీ మానుకున్నారు. చివరకు బడిపంతులు ఉద్యోగం ఎంచుకుని కోరంగిలో, ఆ తర్వాత ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే జీతం కావాలి, లోపల మనస్సు ఒప్పుకోవాలంటే ఆ జీతం శుభ్రమైనది కావాలి. ఈ రెంటి మధ్య నలిగినవారికి ఆ నిర్ణయం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక కవిగా చూద్దాం. తొలిరోజుల్లో పంతులుగారికి పాండిత్య ప్రదర్శన మీద మోజు ఉండేది. పెదవులు కలిస్తే గాని పలకని అక్షరాలు ఒక్కటీ లేకుండా, అచ్చ తెలుగులో నిరోష్ఠ్య నైషధం రాశారు. పండితులు మెచ్చుకునే విద్యే అది. కాని చదువురాని ఆడపిల్లకు, ఊళ్ళో రైతుకు అందువల్ల ఒరిగేదేమిటి? 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టాక, నలుగురికీ అర్థం కాని రాత రాసి ప్రయోజనం లేదని గ్రహించి సులభమైన వచనం వైపు తిరిగారు. ప్రహసనాల్లో పాత్రల చేత వాడుకమాటలే పలికించారు. ఆ పత్రికలోనే ఉద్యోగుల లంచగొండితనాన్నీ బయటపెట్టారు. లంచం ఇవ్వక కొలువు వదులుకున్న మనిషి కనుక ఆ రాతకు బలం వచ్చింది.

అదే 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. 1879లో వితంతు వివాహం మీద బహిరంగ ఉపన్యాసం ఇచ్చారు. ఉపన్యాసం ఎవరైనా ఇవ్వగలరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తమ ఇంటనే మొదటి వితంతు వివాహం జరిపించారు. వెంటనే వెలి వచ్చింది. వంటవారు మానేశారు, నీళ్ళు తెచ్చేవారు రావడం మానేశారు. ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తానే వంట చేసి, గోదావరి నుంచి నీళ్ళు మోసుకువచ్చి ఆ పెళ్ళిళ్ళు నడిపించారు. సుమారు 40 వివాహాలు అలా జరిగాయి. పంతులుగారి కీర్తిలో ఆ ఇల్లాలికి సగభాగం రాయకపోతే లెక్క తప్పవుతుంది.

కులభేదాలు తప్పని చెబుతూ ఒంటి మీద జంధ్యం ఉంచుకోవడం మాటకూ చేతకూ పొందని పనిగా తోచి, చివరికి దానినీ విసర్జించారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తమ ఆస్తిని దానికే రాసి ఇచ్చారు. తమ స్వీయచరిత్రను తామే రెండు భాగాలుగా రాశారు. తెలుగులో అటువంటి గ్రంథాలు లేని కాలంలో అది కొత్త దారి.

వీటన్నిటికంటె నన్ను ఆకట్టుకునేది వారి చివరి మలుపు. చిన్నయసూరిగారి నీతిచంద్రికలో మిగిలిపోయిన సంధి, విగ్రహాలను గ్రాంథికంలో రాసినవారు పంతులుగారు. ఎన్నో గ్రంథాలు ఆ భాషలోనే వెలువరించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషోద్యమం నడుపుతున్నప్పుడు, తమ జీవితకాలపు కృషిని కాపాడుకోవడానికి ఎదురు నిలబడి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. కాని 1919లో వ్యావహారిక భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులుగా ఉండడానికి అంగీకరించారు. అప్పటికి వారికి 70 నిండాయి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోనే గతించారు. ఆరోగ్యం సన్నగిల్లింది. ఆ ఏడాదే మే 27న మద్రాసులో కన్నుమూశారు. కొద్ది నెలల ఆయుష్షు మాత్రమే మిగిలిన దశలోనూ, నేను ఇంతకాలం ఇలాగే రాశాను కనుక ఇదే సరి అని వారు అనుకోలేదు.

పంతులుగారు మొండివారే. పట్టిన పట్టు విడిచేవారు కారు. ఆ మొండితనాన్ని తమ పాత అభిప్రాయాలకు కాపలా పెట్టక, తెలుసుకున్న సత్యానికి కాపలా పెట్టారు. అదే తేడా.

సోదర పెన్షనర్లారా! ఈ వయస్సులో ఇంకేం మారతాం అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. కోడలి ఉద్యోగం విషయంలో, మనవరాలి చదువు విషయంలో, పెళ్ళిళ్ళలో కట్నాల విషయంలో మనం పట్టుకుని కూర్చున్న అభిప్రాయాల్లో ఎన్ని మనం విచారించి నమ్మినవి, ఎన్ని ఊరికే అలవాటైనవి? రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి లెక్క చూసుకుంటే చాలు. ఆడిటర్ రానక్కరలేదు. పద్దు మనదే, తనిఖీ మనదే, దిద్దుబాటు కూడా మన చేతిలోనే ఉంది. 70 ఏళ్ళు నిండాక కూడా దిద్దుకోవచ్చునని పంతులుగారు చేసి చూపించి వెళ్ళారు.