రక్త క్యాన్సర్ చికిత్సకు బాట వేసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు
(జనవరి 12న జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గూడూరు: లుకేమియా, అనగా రక్త క్యాన్సర్‌కు నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ అను ఔషధం వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. అటుపిమ్మట స్ప్రూ అను వ్యాధి ఆ ఇంటిని పట్టుకున్నది. తిన్నది ఒంటబట్టక, నాలుక ఎర్రబారి, నోరు పూసి, మనిషి కృశించిపోయే జబ్బు అది. ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో దానికి బలయ్యారు. సుబ్బారావు గారికి కూడా అదే వ్యాధి సోకగా, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఆచార్య ఫిస్కేతో కలిసి చేసిన పరిశోధనలు జీవరసాయన శాస్త్రంలో నిలిచిపోయాయి. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఔషధమైనది.

అయితే ఫోలిక్ ఆమ్లం ఇచ్చినపుడు లుకేమియా బాలలలో వ్యాధి మరింత విజృంభించినట్లు బోస్టన్ వైద్యులు సిడ్నీ ఫార్బర్ గమనించారు. ఆ ఆమ్లానికి అడ్డుపడే పదార్థమైతే వ్యాధిని అణచగలదని భావించారు. సుబ్బారావు గారి బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను 1947 చివరిలో బాలలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. అంతవరకు వారాలలో ముగిసే వ్యాధి అది. మెథోట్రెక్సేట్ ఈ కోవలోనిదే.

ఈ మందులతో నోరు పూయడం ఫార్బర్ నాడే గమనించారు. వేగంగా విభజన చెందే కణాలను మందు దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలతో పాటు నోటి లోపలి పొర కూడా అటువంటిదే. స్ప్రూ రోగికి ఫోలిక్ ఆమ్లం అందక పూసిన నోరు, ఇక్కడ దానిని మందు అడ్డుకున్నందున పూస్తుంది. ఆరోగ్యవంతుని నోటిలో వందల రకాల సూక్ష్మజీవులు హాని లేకుండా నివసిస్తాయి. కీమోథెరపీలో తెల్లరక్తకణాలు తగ్గి, నోటిలో పుండ్లు ఏర్పడినపుడు విరిడాన్స్ స్ట్రెప్టోకాకై వంటివి రక్తంలోకి చొరబడి ప్రాణాపాయం కలిగించవచ్చు. హ్యూస్టన్‌లో 34 మంది లుకేమియా రోగులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనం, చికిత్స సాగుతున్న కొలది నోటిలో, పేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గుతున్నట్లు తెలిపింది.

తిరుపతి, చెన్నై ఆసుపత్రులలో మందు ఎక్కించుకొని గూడూరు ప్రాంతానికి తిరిగి వచ్చే రోగులకు ఇంటివద్ద గడిపే తొలి వారాలు కీలకమైనవి. వేపపుల్ల, బొగ్గుపొడి మానుకొని మెత్తని బ్రష్ వాడవలెను. ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పుక్కిలించవచ్చు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేరవలెను. ఈ విషయమై క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది వారి కుటుంబాలకు ముందుగానే చెప్పి ఉంచడం అవసరం.

ఇన్ఫెక్షన్లపై పోరులోనూ సుబ్బారావు గారి పాత్ర కలదు. ఆయన విభాగంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ తరగతి యాంటీబయాటిక్‌లలో అదే మొదటిది. అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్ ప్రాంతంలో, 53వ ఏట, సుబ్బారావు గారు కన్నుమూశారు. 1923లో విడిచిన స్వదేశానికి మరల రాలేదు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.